పక్షానికొక తొట్టి

కొత్తిమీర కొనవలసిన వస్తువు కాదని మన పెద్దల అభిప్రాయం. బేరమాడి వంకాయలు, బెండకాయలు, టమాటాలు సంచిలో వేయించుకున్న తరువాత కూరలమ్మివైపు ఒక చూపు చూస్తే చాలు, ఆమె తనంత తానే రెండు రెమ్మల కరివేపాకు, గుప్పెడు కొత్తిమీర పైన పడవేసేది. దానినే కొసరు అన్నారు. కొసరు ఇవ్వని అంగడికి రెండవసారి వెళ్ళని ఇల్లాళ్ళు ఉండేవారు. ఈ హక్కు నేటికీ ఎంత బలంగా ఉన్నదో 2024 మే నెలలో దేశమంతా చూసింది. ఇంటికి సరుకులు చేరవేసే బ్లింకిట్ సంస్థ కొత్తిమీరకు విడిగా వెల కట్టడం చూసి ముంబయిలో ఒక తల్లి నివ్వెరపోయిందట. ఆ సంగతిని కుమారుడు సామాజిక మాధ్యమంలో సంస్థ అధిపతికే విన్నవించగా, కూరగాయలు కొన్నవారికి కొత్తిమీర ఉచితమన్న ప్రకటన అనతికాలంలోనే వెలువడింది.

అయితే కొసరుకు కూడా ఒక కాలమున్నది. మాఘమాసంలో గుప్పెడు విదిల్చిన చేయి వైశాఖం వచ్చేసరికి నాలుగు రెమ్మలకు బిగుసుకుంటుంది. ఎండలు ముదిరినప్పుడూ, వానలు ఎడతెగకుండా పట్టినప్పుడూ కట్ట సన్నగిల్లుతుంది, ధర లావెక్కుతుంది. అప్పుడు చాలామందికి ఒకే ఆలోచన తోస్తుంది: పోపుడబ్బాలో ధనియాలున్నాయి, డాబామీద ఖాళీ తొట్టి ఉన్నది, మనమే వేసుకుంటే పోలేదా? చల్లుతారు. పది రోజులకు మొలకలు తలెత్తుతాయి. నెల దాటి కొన్ని రోజులకు పచ్చటి గుబురు తయారవుతుంది. ఆ వారం ఇంటిల్లిపాదికీ పండుగే. చారులో మన కొత్తిమీర, పులుసులో మన కొత్తిమీర. తరువాత ఏమవుతుందో మీకు తెలుసు. వెడల్పాటి ఆకు సన్నటి నూలుపోగులుగా చీలిపోతుంది, నడిమి కాడ నిటారుగా సాగుతుంది, దాని కొసన తెల్లటి పూలగొడుగు విచ్చుకుంటుంది. మిగిలిన ఆకు పచ్చబారి రాలిపోతుంది. ఇల్లాలు తొట్టిని మూలకు నెట్టి, “నా చేతికి మొక్క నిలవదు” అని నిట్టూరుస్తుంది.

ఈ నిందను మాపవలెననే ఈ నెల ఈ పుటలను కొత్తిమీరకు కేటాయిస్తున్నాను. చేతిలో దోషమేమీ లేదు. కాపాడుకుంటూ కూర్చునేందుకు కొత్తిమీర తులసి కాదు, కరివేప కాదు. అది వరుసగా విత్తుకుంటూ పోవలసిన పైరు. ఒక మొక్కను ఎంత ముద్దుగా సాకినా అది మనకు ఏడాది పొడుగునా ఆకు ఇవ్వలేదు. ఆకు ఇవ్వగలిగినది ఒక తొట్టి వెనుక మరొక తొట్టి.

దీని జన్మభూమి మధ్యధరా సముద్రపు తూర్పు తీరం, పశ్చిమాసియా అంటారు. జీలకర్ర, సోంపు, వాము, క్యారెట్ దీనికి దగ్గరి బంధువులు. చల్లటి కాలంలో మొలిచి, ఆకు తొడిగి, పగళ్ళు పొడుగై నేల వేడెక్కుతున్నదని తెలియగానే పూసి, కాయించి, ఎండిపోవడం దీని జీవితక్రమం. మనం కొత్తిమీర అని తినేది ఆ జీవితంలోని బాల్యాన్ని. ధనియాలని దంచుకునేది దాని వార్ధక్యాన్ని. మొక్క పువ్వు మీదికి వచ్చిందంటే అలిగిందనో చచ్చిపోతున్నదనో అనుకోనక్కరలేదు. తన పని తాను చేసుకుపోతున్నది. ఎండ తీవ్రత, పొడుగు పగళ్ళు, ఒక పూట నీరు తప్పడం, వేరు కదలడం, ఇరుకు తొట్టి, వీటిలో ఏ ఒక్కటైనా దానిని తొందరపెడుతుంది. ఆ తొందరను మనం కొంత వాయిదా వేయగలమే తప్ప బొత్తిగా మాన్పలేము.

అనువాదం వృత్తిగా గల నాకు ఈ మొక్క పేరు వచ్చినప్పుడల్లా కలం ఒక క్షణం ఆగుతుంది. బ్రిటిష్ వంటల పుస్తకంలో కోరియాండర్ అన్న మాట కనిపిస్తే అది ఆకో గింజో తరువాతి వాక్యం చదివితే గాని తేలదు. అమెరికన్లు స్పానిష్ నుంచి తెచ్చుకున్న సిలాంట్రో అన్న మాటను ఆకుకు ఉంచి, కోరియాండర్‌ను గింజకు వదిలారు. తెలుగువారికి ఆది నుంచీ ఈ చిక్కు లేదు. కొత్తిమీర కొత్తిమీరే, ధనియాలు ధనియాలే. ఎంత దూరమైన పేర్లంటే, ఆ రెండూ ఒకే మొక్కవని పట్నపు పిల్లలకు చెబితే నమ్మరు. కన్నడిగుల కొత్తంబరి, తమిళుల కొత్తమల్లి మన కొత్తిమీరకు అక్కచెల్లెళ్ళు. సంస్కృతంలో దీని పేరు కుస్తుంబురు. ఆ మాట ఏర్పడిన తీరును చెప్పడానికి పాణిని తన వ్యాకరణంలో ప్రత్యేకంగా ఒక సూత్రమే కేటాయించాడు. గ్రీసులో మైఖేల్ వెంట్రిస్ 1952లో చదవగలిగిన లీనియర్ బి మట్టిపలకల సరుకుల పద్దులలోనూ ధనియాల పేరున్నది. 1922లో బయల్పడిన టుటంఖామన్ సమాధిలో ఆ రాజు వెంట పంపిన సామగ్రిలోనూ ధనియాలున్నాయి. మన పోపుడబ్బా సామాన్యమైనది కాదు.

ఇక పనిలోకి దిగుదాము. విత్తనం పోపుడబ్బాలోని ధనియాలే కావచ్చు. అవి వేయించనివి, ఏడాదికి మించి నిలవ ఉండనివి అయితే చక్కగా మొలుస్తాయి. వక్కపొడిలో కలిపే ధనియాల పప్పు మాత్రం ఎన్నటికీ మొలవదు. విత్తనాల దుకాణంలో కొన్నవి గులాబీ రంగో, మరే రంగో పూసి ఉంటే వాటికి శిలీంధ్రనాశని పట్టించారని అర్థం. అవి మట్టిలోకే గాని, పొరపాటున కూడా పోపులోకి పోరాదు. ఆ పొట్లాన్ని వంటింట్లో ఉంచకండి.

మనం గింజ అనుకునే ధనియం నిజానికి ఒక కాయ. దానిలో రెండు బద్దలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఒక్కొక్క బద్దలో ఒక్కొక్క విత్తనం. మొత్తం కాయను అలాగే పాతితే మొలక ఆలస్యమవుతుంది. పల్లెలలో రైతులు ధనియాలను నేలమీద పోసి చెప్పుకాలితో మెల్లగా నలుపుతారు. మనకు అప్పడాల కర్ర చాలు. గుడ్డమీద పరచి, పిండి కాకుండా, రెండుగా విడిపోయేంతగా దొర్లించవలెను. ఆపైన రాత్రంతా నీళ్ళలో నానవేసి, మర్నాడు నీరు వంచి, కొంచెం ఆరనిచ్చి విత్తుకోవాలి.

తొట్టి వెడల్పు కంటె లోతు ముఖ్యం. కొత్తిమీర తల్లివేరు తిన్నగా కిందికి దిగుతుంది. అది అడుగు తగిలితే మొక్కకు కాలం దగ్గరపడ్డదన్న అనుమానం కలుగుతుంది. జానెడు లోతుకు తగ్గకూడదు. అడుగున నీరు పోయే రంధ్రాలుండాలి. మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్ళలో కలిపితే చాలు. యూరియా పోస్తే ఆకు బలంగా కనిపిస్తుంది కాని ఆ వాసన ఉండదు. వాసన లేని కొత్తిమీర దేనికి? అడుగు వెడల్పు తొట్టిలో నలభై యాభై బద్దలు, రెండు వేళ్ళ ఎడంతో, అర అంగుళం లోతున వేసి పైన సన్నటి మట్టి చల్లాలి. నీరు చెంబుతో గుమ్మరిస్తే విత్తులన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి, చేతితో చిలకరించాలి. మొలకలు కనబడేవరకు తడి గోనెసంచి కప్పి ఉంచి, కనబడిన రోజునే తీసివేయాలి. వారం నుంచి రెండు వారాల వరకు పట్టవచ్చు గనుక ఆరవ నాడే మట్టి కెలికి చూడకండి.

నారు పోసి నాటడం వంగకు, మిరపకు నప్పుతుంది గాని దీనికి పనికిరాదు. వేరు కదిలిన కొత్తిమీర బతికినా వెంటనే పూతకు వస్తుంది. బజారులో వేళ్ళతో అమ్మే కట్టను తెచ్చి పాతుకొమ్మని కొందరు సలహా ఇస్తుంటారు. ఆ మొక్క వయస్సు అప్పటికే నెల దాటి ఉంటుంది. దానిని పాతడమంటే పెళ్ళీడు వచ్చిన పిల్లను తెచ్చి ఉయ్యాలలో వేయడమే.

ఇప్పుడు అసలు లెక్క. తొట్లు నాలుగు కావాలి. మొదటి తొట్టి ఈ అమావాస్యకు విత్తండి, రెండవది పున్నమికి, మూడవది మళ్ళీ అమావాస్యకు, నాలుగవది ఆపై పున్నమికి. చంద్రుడికీ మొలకకూ సంబంధమున్నదని నేను చెప్పడం లేదు. పక్షం గడిచిందని గుర్తుచేసే తేదీలు మన గోడ కేలండరులో సిద్ధంగా ఉన్నాయి గనుక వాటిని వాడుకుందామంటున్నాను. చలికాలంలో మొదటి తొట్టి నలభై, నలభై అయిదు రోజులకు కోతకు వస్తుంది. బయటి ఆకులను, మొదట్లో రెండు వేళ్ళ ఎత్తు వదిలి, కత్తెరతో కోసుకోవాలి; నడిమి లేత చిగురు జోలికి పోరాదు. పది పన్నెండు రోజులలో రెండవ కోత వస్తుంది. అరవయ్యవ రోజుకు దాని పని ముగుస్తుంది, అంటే నాలుగవ తొట్టి విత్తిన పక్షం తరువాత. ఆ రోజే మొదటి తొట్టిని ఖాళీ చేసి, మట్టి తిరగవేసి, గుప్పెడు ఎరువు కలిపి మళ్ళీ విత్తాలి. అప్పటికి రెండవ తొట్టి కోతకు సిద్ధంగా ఉంటుంది. మొదటి నెలన్నర బజారు కొత్తిమీర తప్పదు. ఆ తరువాత గొలుసు తెగనివ్వకపోవడమే మీ పని.

గొలుసు తెగేది ఎక్కడంటే, మొదటి తొట్టి పచ్చగా ఉన్న రోజులలో. ఎదుట ఇంత కొత్తిమీర ఉండగా మట్టిలో గింజలు ఎందుకని ఒక పక్షం దాటవేస్తాము. దాని ఫలితం నలభై రోజుల తరువాత గాని కంటికి కనబడదు. మా వీధిలో ఒక పెద్దావిడ గోడ కేలండరుమీద, పాలవాడు లీటర్ల లెక్క రాసుకునే చోటికి పక్కనే, విత్తిన నాడల్లా ‘కొ’ అని ఒక అక్షరం వేసుకుంటుంది. కొత్తిమీర బాగా కాస్తున్నదే పిన్నిగారూ అంటే, “పాల పద్దులాగా ఇదొక పద్దమ్మా, అంతకన్న ఏమీ లేదు” అన్నది. తోటపని పుస్తకాలు నేను కొన్ని చదివాను, ఒకటి రెండు అనువదించాను కూడా. ఈ పద్దు సంగతి అంత సూటిగా వాటిలో కనబడలేదు.

నలుగురున్న ఇంటికి చారుమీద, కూరమీద చల్లుకోవడానికి ఈ నాలుగు తొట్లు సరిపోతాయి. వారం వారం రోటి పచ్చడి నూరే ఇల్లయితే సరిపోవు. ఒక్క పచ్చడికి ఒక తొట్టి మొత్తం కావలసి వస్తుంది. అటువంటివారు పచ్చడికి బజారును నమ్ముకుని, తొట్లను నిత్యావసరానికి ఉంచుకోవడం మేలు.

పైన చెప్పినదంతా ఆశ్వయుజం నుంచి మాఘం వరకు, ఇంచుమించు అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు, దక్షిణాదిలో నిర్విఘ్నంగా సాగే పద్ధతి. రాజస్థాన్‌లో రామ్‌గంజ్ మండీ చుట్టుపట్ల, మధ్యప్రదేశ్‌లో గునా జిల్లాలో, మన కర్నూలు, అనంతపురం నల్లరేగళ్ళలో రైతులు ధనియాల పంటను రబీలోనే వేయడానికి కారణం కూడా ఈ చలువే. ఉదకమండలం, షిల్లాంగు వంటి కొండ ఊళ్ళలో ఉన్న పాఠకులు ఎండాకాలాన్ని గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. మిగిలినవారికి మార్చి నుంచి పద్ధతి మారాలి.

ముప్పయి డిగ్రీలు దాటిన వేడిలో ధనియాలు సరిగా మొలవవు. మొలిచినవి నెల తిరగకుండానే కాడ సాగిస్తాయి. కనుక ఎండాకాలంలో రెండవ కోతమీద ఆశ వదులుకోవాలి. చలికాలంలో కొత్తిమీరను కోస్తాము, ఎండాకాలంలో పీకుతాము. వ్యవధిని పక్షం నుంచి పది రోజులకు కుదించి, నెలలో ఒకటి, పదకొండు, ఇరవై ఒకటి తేదీలలో విత్తి, ముప్పయ్యవ రోజు నుంచి మొక్కలను వేళ్ళతో సహా లాగి వాడుకుంటే, అవే నాలుగు తొట్లు నలభై రోజులకు ఒకసారి చుట్టు తిరుగుతాయి. విత్తులు కొంచెం ఒత్తుగా వేసుకోవచ్చు, ఎలాగూ పసిమొక్కగానే పీకుతున్నాము కదా. నలిపి నానవేసిన బద్దలను తడి గుడ్డలో మూటగట్టి మంచినీళ్ళ కుండ పక్కన పెట్టి, తెల్లటి మొలక కొస కనబడిన తరువాత మట్టిలో వేస్తే సగం చిక్కు తీరుతుంది. తొట్లు తూర్పు గోడ పక్కకు చేరాలి; పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు చాలు, మధ్యాహ్నపు ఎండ సోకరాదు. డాబామీద మరో చోటు లేకపోతే ఆకుపచ్చ నీడవల కట్టుకోవాలి. నీరు రోజుకు రెండుసార్లు, కొద్దికొద్దిగా. ఇంత చేసినా మే నెలలో ఆకు పలచగానే ఉంటుంది. గుబురు రాలేదని మళ్ళీ చేతిని నిందించుకోకండి.

వానాకాలం బాధ వేరు. చినుకుల దెబ్బకు లేత కాడలు మట్టిలో వాలిపోతాయి, నీరు నిలిస్తే మొదళ్ళు కుళ్ళుతాయి. చూరు కిందికో, పిట్టగోడ లోపలికో చేర్చడమే మందు. పేనుబంక పట్టితే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, కోసినప్పుడు బాగా కడగండి. అంతకు మించిన మందులు నెలన్నరలో నోట్లోకి పోయే ఆకుమీద ఎందుకు? మరీ ముదిరితే ఆ తొట్టి పీకివేసి, వెనుక వస్తున్న తొట్టిని చూసుకోవడం ఉత్తమం. వరుసగా వేసుకున్నవారికి ఉండే నిశ్చింత అదే.

పూతకు వచ్చిన తొట్టిని గురించి ఒక మాట. జనవరి, ఫిబ్రవరులలో ఒక తొట్టిని కావాలనే పూయనివ్వండి. ఆ తెల్లపూలకు తేనెటీగలు, పేనుబంకను తినే పురుగులను కనే పూలఈగలు వస్తాయి. పక్కనున్న వంగకు, టమాటాకు అది మేలు. కాయలు పచ్చిగా ఉన్నప్పుడు కొన్ని కోసి పచ్చడిలో నూరి చూడండి. ఆకు వాసన, ధనియాల వాసన రెండూ కలిసిన ఆ రుచి బజారులో దొరకదు. మిగిలినవి గోధుమవన్నెకు తిరిగాక గొడుగులను కాడలతో కోసి, కాగితపు సంచిలో తలకిందులుగా వేలాడదీస్తే గింజలు వాటంతటవే రాలుతాయి. ఏడాదికి సరిపోయే విత్తనం ఒక తొట్టిలోనే వస్తుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటున్నది. విత్తనానికి మనం ఏ మొక్కను వదులుతాము? సహజంగా, అందరికంటె ముందు పూతకు వచ్చి ఆకుకు పనికిరాకుండా పోయినదానిని. అది పొరపాటు ఎంపిక. ముందు పూసినదాని సంతానానికి ముందు పూసే గుణమే సంక్రమిస్తుంది. తొట్టిలో అన్నిటికంటె ఆలస్యంగా, చిట్టచివర కాడ వేసిన మొక్కకు దారం కట్టి, దాని గింజలే దాచాలి. శాస్త్రజ్ఞులు పెద్ద ఎత్తున చేసే పని కూడా ఈ జాతిదే. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం సాధన, స్వాతి, సింధు వంటి ధనియాల రకాలను ఇచ్చింది; బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ పలుమార్లు కోసుకునేందుకు ఆర్కా ఈషా అనే ఆకు రకాన్ని విడుదల చేసింది. దొరికితే తెచ్చి వేసుకోండి. గింజల కోసం పెంచిన రకానికీ, ఆకు కోసం పెంచిన రకానికీ మీ డాబామీద పది పదిహేను రోజుల తేడా కనబడవచ్చు.

ఇంట్లో కొత్తిమీర ముట్టనివారు ఒకరుంటే వారిని మొండివారని కసరకండి. సబ్బు వాసన వేస్తున్నదని వారనేది నిజమే కావచ్చు. ఆకు వాసనకు మూలం ఆల్డిహైడులనే పదార్థాలు. కొన్ని సబ్బులలోనూ, నల్లిజాతి పురుగులు విడిచే కంపులోనూ ఉండేవి ఇటువంటివే. వాసనను పసిగట్టే ఓఆర్6ఏ2 అనే జన్యువుతో ఈ అయిష్టానికి సంబంధమున్నట్లు 2012లో ఒక పరిశోధన వెలువడింది. అదే సంవత్సరం కెనడాలో ప్రచురితమైన మరొక సర్వేలో కొత్తిమీర గిట్టదన్న యువజనులు తూర్పు ఆసియా మూలాలవారిలో నూటికి 21 మంది, దక్షిణాసియావారిలో 7 మంది.

ఆ ఆల్డిహైడులు ఇట్టే ఎగిరిపోతాయి. అందుకే కొత్తిమీరను పొయ్యి దించిన తరువాత చల్లుతారు. అందుకే ఎండబెట్టిన కొత్తిమీరకు ఎండుగడ్డికి మించిన విలువ లేదు. చలికాలంలో రెండు తొట్లు ఒక్కసారి కోతకు వచ్చి మిగిలిపోతే, కడగకుండా, వేళ్ళు మునిగేలా గ్లాసెడు నీళ్ళలో నిలబెట్టి, పైన వదులుగా సంచి తొడిగి ఫ్రిజ్‌లో పెట్టండి. వారం పైగా తాజాగా ఉంటుంది. లేదా ఉప్పు, నిమ్మరసంతో ముద్దగా నూరి మంచుగడ్డల ట్రేలో గడ్డకట్టించి దాచుకుంటే వేసవిలో చారుకు అక్కరకు వస్తుంది.

వానలలో ఎంత చేసినా గొలుసు తెగుతున్నదనేవారికి చివరి ఉపాయం అస్సాం నుంచి ఉన్నది. అక్కడ మాన్ ధనియా అనే మొక్కను పెరటి నీడలో పెంచుతారు. మణిపూర్, మిజోరంలలో కూడా దీని వాడకం ఎక్కువ. ఇది కొత్తిమీర కాదు, దాని కుటుంబంలోనిదే మరొక జాతి. రంపపు అంచుల పొడుగాటి ఆకు, ఘాటైన కొత్తిమీర వాసన. దీని స్వభావం పూర్తిగా విపర్యయం: నీడ కావాలి, తడి కావాలి, వేడిగాలికి వెరవదు, కోసినకొద్దీ చిగురిస్తుంది. ఆకు గట్టిది గనుక సన్నగా తరిగి, కొత్తిమీర వేసేదానిలో సగమే వేయాలి. విత్తనం నుంచి మొలవడానికి వారాలు పడుతుంది. ఈశాన్య రాష్ట్రాల బంధుమిత్రులెవరైనా సెలవులకు వస్తుంటే ఒక పిలక తెమ్మని చెప్పండి.